నాలుగో రంగు

చక్రి మూడోసారి కూడా సంగీతం తిప్పి పంపాడు.

చక్రి వెబ్ సిరీస్ తీస్తున్నాడు. కృష్ణలంకలో ఒకడు మాయమవుతాడు. అతన్ని ఆరు ఎపిసోడ్లు వెతుకుతారు. నేపథ్య సంగీతం మనోజ్ఞది. ఆమెకు ఇదే మొదటి సిరీస్. అంతకు ముందు పటమటలో తన పడగ్గదిలోనే కూర్చుని బట్టల షాపుల ప్రకటనలకు సంగీతం చేసేది.

"శవం దొరికే సీనండీ అది. వింటుంటే కల్యాణమండపంలో టిఫిన్‌కి పిలుస్తున్నట్టుంది," అన్నాడు చక్రి ఫోన్‌లో. శుక్రవారం దాకా చూస్తానని, ఆ తర్వాత హైదరాబాద్‌లో వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని, ఏమీ అనుకోవద్దని కూడా అన్నాడు.

అనుకోవడానికి టైము లేదు. కొత్త శబ్దమేదైనా దొరుకుతుందేమోనని మనోజ్ఞ గవర్నర్‌పేటలో నతానియేలు షాపుకి వెళ్ళింది. నతానియేలు ఆంప్లిఫయర్లు, కీబోర్డులు బాగుచేస్తాడు. పై అరలోంచి ఒక సింథసైజర్ దించి గుడ్డ తీశాడు. జపాన్ సరుకు. నలభై ఏళ్ళ నాటిది. అనలాగ్. శబ్దాన్ని మార్చడానికి తిప్పే నాబ్‌లు ఇరవై నాలుగున్నాయి. మెమరీ లేదు. ఇవాళ దొరికిన శబ్దం రేపు మళ్ళీ కావాలంటే ఇరవై నాలుగు నాబ్‌లూ ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుండాలి.

అది వెంకటప్పయ్యదని చెప్పాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించాడు. ఆర్కెస్ట్రా మూతపడ్డాక దాన్ని ఇంటికి తీసుకెళ్ళాడు. కిందటేడు పోయాడు. ఇంట్లోవాళ్ళు అమ్మేశారు.

ఒక్కో నాబ్ చుట్టూ మూడేసి చుక్కలున్నాయి. నెయిల్ పాలిష్‌తో పెట్టినవి. ఒకటి మెరూన్, ఒకటి నారింజ, ఒకటి గులాబి. మనోజ్ఞ లెక్కపెట్టింది. డెబ్బై రెండు. ఏ నాబ్‌కీ తక్కువ కాలేదు.

ఏమిటవని అడిగింది.

"సెట్టింగులై ఉంటాయమ్మా. మెమరీ లేని పెట్టెకి అదేగా మెమరీ," అన్నాడు నతానియేలు. "రంగుకో శబ్దం. ఆయన బతికుండగా ఎవర్నీ దీని మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. తుడుద్దామని స్పిరిట్ కూడా తీశాను. చేతులు రాలేదు."

ఆన్ చేశాక ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వాలని, లేకపోతే శ్రుతి నిలవదని చెప్పి, డబ్బు తీసుకుని దాన్ని ఆటో ఎక్కించాడు.

ఇంటికి వెళ్ళి మనోజ్ఞ ఇరవై నిమిషాలు ఆగింది. నాబ్‌లన్నిటినీ మెరూన్ చుక్కలకు తిప్పింది. ఎడమ చివర మీట ఒకటి నొక్కింది. కాసేపటికి గాలి చప్పుడు మొదలైంది. దాని కింద ఎవరో పళ్ళు కొరుకుతున్నారు. వంటింట్లోంచి వాళ్ళమ్మ వచ్చి, చప్పుడు ఫ్రిజ్‌దనుకుని ప్లగ్ తీసేసింది.

చక్రికి పంపింది. పదకొండు నిమిషాలకు ఫోనొచ్చింది. ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాచారని అడిగాడు.

నారింజ చుక్కలకు తిప్పితే స్వరం దానంతటదే దిగజారుతూ పోయింది. ఎక్కడా ఆగలేదు. గులాబికి తొమ్మిది సెకన్లు ఏమీ వినపడలేదు. వైరు ఊడిందనుకుని వంగింది. అప్పుడు తలుపు కొట్టినట్టు ఒక దెబ్బ వినిపించింది. తొమ్మిది సెకన్లకి ఇంకోటి. ఎడిటింగ్ గదిలో నిర్మాత మధ్యలోనే హెడ్‌ఫోన్స్ తీసేసి టీ తెమ్మన్నాడు.

మనోజ్ఞ మూడు సెట్టింగులూ నోట్‌బుక్‌లో రాసుకుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. సూత్రం దొరకలేదు. చదువుకున్నవాళ్ళెవరూ నాబ్‌లని అలా పెట్టరు. ముప్ఫై ఏళ్ళు పెళ్ళిళ్ళలో వాయించి, ఇంత విద్యని ఆయన ఎవరికీ చూపించకుండా వెళ్ళిపోయాడని చక్రితో అంది. చక్రి టైటిల్స్‌లో ఒక కార్డు వేయించాడు. 'ప్రత్యేక శబ్దాలు: కీర్తిశేషులు వెంకటప్పయ్య.'

చివరి ఎపిసోడ్‌కి అలాంటిదే ఇంకొకటి కావాలన్నాడు. మళ్ళీ శుక్రవారమే గడువు. మనోజ్ఞ తన బుద్ధితో నాబ్‌లు తిప్పి ఐదు పంపింది. ఐదూ తిరిగొచ్చాయి. "మీ సొంతవి వద్దండీ. పెద్దాయనవే ఇంకేమైనా ఉన్నాయేమో చూడండి," అన్నాడు చక్రి.

ఆయన ఏదో ఒక పుస్తకంలో రాసిపెట్టుకునే ఉంటాడని ఆమెకు అనిపించింది. నతానియేలు దగ్గర అడ్రస్ తీసుకుని గురువారం పొద్దున గన్నవరం బస్సెక్కింది.

వెంకటప్పయ్య భార్య సంపూర్ణమ్మ వరండాలో గోంగూర వలుస్తోంది. మనోజ్ఞ ముందు టైటిల్ కార్డు చూపించింది. సంపూర్ణమ్మ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోన్ అందుకుంది. పేరు రెండుసార్లు చదివింది. లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చింది.

మనోజ్ఞ మూడు శబ్దాలూ వినిపించింది.

"ఇవి ఆయన వాయించగా నేనెప్పుడూ వినలేదే," అంది సంపూర్ణమ్మ.

ఇంట్లో కూడా దాచాడన్నమాట అనుకుంది మనోజ్ఞ. ఉన్న సంగతి చెప్పేసింది. రేపటిలోగా నాలుగోది దొరక్కపోతే చివరి ఎపిసోడ్ తన చేతిలోంచి పోతుంది. పుస్తకం ఏమైనా ఉందేమో చూడమంది. పుస్తకాలేవీ లేవని, ఆయనకి రాసే అలవాటే లేదని సంపూర్ణమ్మ చెప్పింది.

మనోజ్ఞ ఫోన్‌లో సింథసైజర్ ఫొటో తెరిచి పెద్దది చేసి చూపించింది.

"ఇదిగో ఆంటీ, ఈ చుక్కలు. మెరూన్, నారింజ, గులాబి. ఇంకో రంగుతో ఎక్కడన్నా పెట్టారా?"

సంపూర్ణమ్మ కళ్ళజోడు సవరించుకుని ఫొటో మీద వేలు జరుపుతూ నాబ్‌లన్నీ చూసింది.

"ఇంకో రంగు లేదమ్మా, ఆ పెట్టె ఇంట్లో ఉంది మూడు దసరాలే," అంది, "ఆయుధపూజకి కుంకుమ పెడితే పొడి లోపలికి పోద్దని ఆయన కేకలేస్తే, ఏ ఏడు మా అమ్మాయి దగ్గర ఏ నెయిల్ పాలిష్ ఉంటే దాంతోనే అన్నిటికీ బొట్లు పెట్టాను."