పాస్టరుగారి వాంగ్మూలం

“బ్రష్షు పెట్టినావా?” సంచీలో చెయ్యి పెట్టి వెతుకుతూ అడిగాడు పాస్టరు తిరుపాల్.

“పెట్టినా. దుప్పటి, తువ్వాలు, బీపీ మాత్రలు గూడా పెట్టినా,” అంది భార్య మరియమ్మ. “ఒక్కసారి స్టేషన్‌కు వచ్చి పొమ్మన్నారు గదా, దానికి ఇంత మూటెందుకు?”

“నీకు తెలీదు. పిలిచేటప్పుడు అట్లనే పిలుస్తారు. పంపేటప్పుడు గదా తెలిసేది!”

ధర్మవరంలో మగ్గాల వీధి చివర రేకుల చర్చి అతనిది. పదకొండేళ్లుగా అక్కడే వాక్యం చెబుతున్నాడు. పొద్దున స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. చర్చి మైకు గురించి ఎవరో అర్జీ పెట్టారు, పదిన్నరకు రావాలన్నారు. అంతవరకు విని ఫోన్ పెట్టేశాడు. అవతల కానిస్టేబుల్ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. చర్చి మూసేయమంటే ఆ నలభై కుటుంబాలు ఎక్కడికి పోవాలి? అప్పటినుంచీ తిరుపాల్‌కు అదే దిగులు. ఊరందరికీ ధైర్యం చెప్పే మనిషి కాబట్టి తన గుండెదడ మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

“ఆ వెంకటప్పే ఇచ్చింటాడు,” అన్నాడు.

వెంకటప్ప పక్కింట్లో పట్టుచీరలు నేస్తాడు. మనవరాలి పరీక్షలప్పుడు మైకు సౌండు కొంచెం తగ్గించమని అడిగాడు. అదొక్కటే ఆయన చేసిన నేరం.

“ఆయప్ప అట్లాంటోడు కాదు. ఇచ్చినోళ్లకు ఏం కష్టమొచ్చిందో ఏమో, ముందు మనం...”

“నువ్వుండు మరియమ్మా! దేవుని మాట చెవినబడితే కష్టమా?”

మరియమ్మ చిత్రాన్నం డబ్బా సంచీలో సర్ది, చెప్పులు వేసుకుంది.

“నువ్వెందుకు?”

“నేనూ వస్తా. నేను రాకపోతే ఎట్లా?”

తిరుపాల్ కళ్లు చెమ్మగిల్లాయి. జైలు దాకా తోడొచ్చే ఇల్లాలు ఎంతమందికి దొరుకుతుంది!

వాకిట్లో వెంకటప్ప ఎదురుపడ్డాడు. “ఏమప్పా పాస్టరూ, మూటెత్తుకోని యాడికి పోతాండావు?”

“నీకు తెలీదా?”

“తెలీకనే గదా అడుగుతాండా.”

“ఎన్ని అర్జీలు పెట్టుకున్నా మా నోరు మూయలేరు వెంకటప్పా! దేవుడు నిన్ను క్షమించుగాక!”

వెంకటప్ప నోరు తెరిచి మరియమ్మ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుని ఆటో ఎక్కింది.

దారి పొడవునా తిరుపాల్ ఆర్టికల్ ఇరవై ఐదు, ఆర్టికల్ పంతొమ్మిది వల్లె వేశాడు. ఒకటి మత స్వేచ్ఛ, రెండోది మాట స్వేచ్ఛ.

“ఎవురి నోరూ ఎవురూ మూయకూడదని చెప్పండి. అది గట్టిగా చెప్పండి,” అంది మరియమ్మ.

“చెప్తా.”

“పెద్దోళ్లయినా, పేదోళ్లయినా, ఆడోళ్లయినా అని గూడా చెప్పండి.”

“బాగుండాది పాయింటు!” అంటూ అరచేతిలో రాసుకున్నాడు.

స్టేషన్‌లో ఎస్సై మాధవీలత ఫైలు తెరిచింది. మరియమ్మ గోడ పక్కన బెంచీ మీద కూర్చుంది.

“కూర్చోండి పాస్టరుగారూ. ఈ అర్జీ ఏమంటే...”

“ముందు నేను చెప్పేది వినండి మేడం!”

పది నిమిషాలు విన్నది. వినక తప్పలేదు. రెండు ఆర్టికల్సూ అప్పజెప్పి, చివరికి చట్టం పక్కన పెట్టేసి తన మాటే మాట్లాడాడు.

“మేము ఎవర్నీ బలవంతం చేయం మేడం. ఆకలిగొన్నోనికి అన్నం దొరికితే పదిమందికీ చెప్పుకుంటాడు, అంతే. మేలు పొందినోని నోరు నొక్కితే మనిషిని సగం చంపినట్టే. ఆ కాలంలో యేసు పంపిన అపొస్తలుల్ని కొట్టినారు, సంకెళ్లేసినారు. వాళ్ల నోరు మూతబడిందా? మా మీద అర్జీ పెట్టినోళ్లు గూడా మాట్లాడనీ, అదీ వాళ్ల హక్కే. పెద్దోళ్లయినా, పేదోళ్లయినా, ఆడోళ్లయినా, ఎవరి నోరూ మూయొద్దు. నన్ను లోపలేసినా ఇదే మాట చెప్తా!”

పక్క బల్ల దగ్గర స్టేషన్ రైటరు కూడా రాయడం ఆపి చూశాడు. బెంచీ మీద మరియమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తిరుపాల్‌కు మరింత బలం వచ్చింది.

“ఇదంతా రాసి సంతకం పెడతారా?” అడిగింది మాధవీలత.

“రక్తంతో పెడతా!”

“పెన్ను చాలు.”

రాశాడు. ‘దేవుడు చేసిన మేలు చెప్పుకోవడానికి ఎవరు లేచినా వారి నోరు మూయించే హక్కు ఎవరికీ లేదు.’

“ఎవరికీ అంటే?”

“ఎవరికీ అంటే ఎవరికీ మేడం! కలెక్టరుకైనా, నాకైనా!” ఆ మాట కూడా చేర్చి, సంతకం కింద రెండు గీతలు గీశాడు.

మాధవీలత ఊపిరి పీల్చుకుంది. “నా పని తేలికైపోయింది. మీ చర్చి మూయమని ఎవరూ అడగలేదు పాస్టరుగారూ. సోమవారం పుట్టపర్తి కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీ ఇది. వినండి.”

చదివింది. “‘ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు నేను లేచి నాలుగు మాటలు మొదలుపెట్టగానే పాస్టరుగారు మైకు ఆపేస్తారు. మూడేళ్లుగా ఒక్క సాక్ష్యమూ పూర్తి చేయనివ్వలేదు. దేవుడు నాకు చేసిన మేలు చెప్పుకునే హక్కు ఇప్పించగలరు.’”

తిరుపాల్ ముఖం కందిపోయింది. “మా చర్చిలోనా? ఎవురు మేడం? పేరు చెప్పండి!”

మాధవీలత కాగితం అతని వైపు తిప్పింది.

అడుగున ఉన్నది మరియమ్మ సంతకం.