సున్నం వేసిన గోడ

"బూజు ఎక్కడండీ?"

బీమా సర్వేయరు సూర్యప్రకాశరావు అడిగిన ప్రశ్నకు అహరోను కళ్లు నులుముకుని గోడకేసి చూశాడు. ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే, బీరంగూడ బస్సు ఆగేచోట తన ఇంటి కోసమే ఆయన వాకబు చేస్తూ కనిపించాడు. దారి పొడుగునా బూజు గురించే చెప్పుకుంటూ తీసుకొచ్చాడు. తీరా చూస్తే ముందుగది గోడ తెల్లగా మెరిసిపోతోంది.

"నిన్న కూడ ఉండె సార్. గీ గోడ సగం దాకా నల్లగ..." అంటూ భార్య వైపు చూశాడు.

సుకుమారి వంటింటి గుమ్మంలో తల దించుకుని నిలబడి ఉంది. గోళ్ల సందుల్లో సున్నం ఇంకా పోలేదు. చేతులు కొంగులో దాచుకుంది.

మొన్న వానల్లో గోడ లోపలి నీళ్ల పైపు ఒక్కసారిగా పగిలి ఇల్లంతా నీళ్లయింది. తలుపులు ఉబ్బి మూతపడటం మానేశాయి. గోడ అడుగున ఇటుకలు నాని, మూల నుంచి మూలకు బీట వారింది. గోడ విప్పి కట్టకపోతే వచ్చే వానలకు కప్పు దిగుతుందన్నాడు మేస్త్రీ. సొసైటీ అప్పుతో కట్టుకున్న ఇల్లు. ఆ సొసైటీ వాళ్లే పట్టుబట్టి బీమా చేయించారు గనుక ఆ ఒక్క ఆశ మిగిలింది. అదీ రాకపోతే ఇల్లు అమ్మేసి, మళ్లీ చిట్కుల్‌లో కిరాయి గదికి పోవలసిందే.

బీమా కంపెనీలన్నీ సర్కారు చేతికి వచ్చిన కొత్త అది. ఇళ్లకు పట్టే చెమ్మకు, బూజుకు కూడా పరిహారం ఇచ్చేలా చట్టం తెస్తారట అని ఫ్యాక్టరీలో ఎవరో పేపరు చదివి చెప్పారు. అప్పటి నుంచి అహరోనుకు బూజే బంగారమైంది. "గోడ ముట్టకు సుకుమారీ. సర్వేయరు కండ్లార సూడాలె" అని రోజూ హెచ్చరించేవాడు.

ఆమె ముట్టలేదు. గది నిండా ముక్కిన వాసన వేస్తున్నా, పిల్ల దగ్గుతున్నా ఓర్చుకుంది. ఆదివారం ఇంట్లో ప్రార్థన కూటం పెట్టేదాకా ఓర్చుకుంది.

ఆ రోజు చాపల మీద చోటు చాలక, సంఘపెద్ద భార్య సౌభాగ్యమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. పాట అయిపోయి లేచేసరికి ఆమె తెల్లచీర వీపంతా నల్లటి మరక. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"దేవుని మాట చదువుకునే ఇల్లు గద బిడ్డా, జెర తుడుసుకోవద్దా?" అంది సౌభాగ్యమ్మ మెల్లగా.

ఆ తర్వాత సుకుమారి ఇచ్చిన ఛాయ్ ఎవరూ ముట్టలేదు. కప్పుల్లో మీగడ కట్టిపోయింది. వాటిని కడుగుతూ ఆమె ఏడ్చింది.

సర్వేయరు ఎప్పుడొస్తాడో తెలియదు. వచ్చే ఆదివారం మాత్రం వాళ్లంతా మళ్లీ వస్తారు. అందుకే నిన్న భర్త రాత్రి డ్యూటీకి వెళ్లగానే ఇటుక ముక్క తీసుకుని గోడ గీకింది. మీద రెండు పూతలు సున్నం కొట్టింది. సర్వేయరు తెల్లారే వచ్చి వాకిట్లో నిలబడతాడని కలగన్నదా!

సూర్యప్రకాశరావు పచ్చి సున్నం వాసన పీల్చి, ముక్కు రుద్దుకున్నాడు. తలుపులు లాగి చూశాడు. బీటలో వేలు పెట్టాడు. పగిలిన పైపు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి ఏదో రాసుకున్నాడు. మొహంలో ఏ భావమూ లేదు.

అహరోను ఆగలేకపోయాడు. వంటింట్లోంచి కత్తి తెచ్చి గోడ దగ్గరికి పోయాడు.

"జెర గీకి సూపిస్త సార్. లోపల నల్లగనే ఉంటది."

"చెయ్యి తియ్యండి!" ఆయన కసిరిన కసురుకు పక్కింటివాళ్లు తొంగి చూశారు. "బూజు అన్న మాట నా ముందు మళ్లీ ఎత్తకండి. నా కంటికి కనిపించనిది నేను రాయను."

"మేం అబద్ధం చెప్పెటోళ్లం కాదు సార్." అహరోను కత్తి కింద పెట్టేశాడు.

ఊరందరి ముందు భర్త దొంగలా నిలబడితే సుకుమారి చూడలేకపోయింది. "ఆయన తప్పేం లేదు సార్. నేనే నిన్న..."

"అమ్మా, కాసిని మంచినీళ్లు ఇస్తారా?" అన్నాడాయన, ఆమె మాట పూర్తి కానివ్వకుండా.

నీళ్లు తాగి, అహరోను చేత సంతకం పెట్టించుకున్నాడు. అహరోను చదవనైనా చదవకుండా పెట్టేసి, పెరట్లోకి వెళ్లి బండ మీద కూలబడ్డాడు. భార్యను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండుననిపించింది సుకుమారికి.

ఆమె గేటు దాకా సర్వేయరు వెనకే వెళ్లింది.

"సార్, ఆ కొత్త చట్టమేదో ఉందంట గద?"

"అది ఇంకా రాలేదమ్మా. వస్తుందో రాదో కూడా తెలియదు. పాత రూలే నడుస్తోంది."

ఉన్న ఆ కాస్త ఆశా జారిపోయింది. ఆమె కళ్లు తుడుచుకుంది.

"మా ఆయన మీద కోపం పెట్టుకోకుండ్రి సార్. నలుగురు నవ్విండ్రని సిగ్గైతే నేనే సున్నం కొట్టిన. నా సిగ్గే మా ఇల్లు ముంచింది. నేను గోడ ముట్టకపోయుంటే బీమా వస్తుండె గద?"

సూర్యప్రకాశరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పాత రూల్లో ఒక్కసారిగా పగిలిన పైపుకే డబ్బు, ఎన్నాళ్లుగానో పట్టిన చెమ్మకు పైసా లేదు. బూజు కనబడి ఉంటే రాకపోయేదమ్మా, ఇప్పుడు వస్తుంది."