పిల్లిగద్దకి జోడు

“ఈ వారం కూడా ఒప్పుకోలేదాండీ మీ నానమ్మగారు?” గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగింది జాయ్సీ.

“లేదండీ. ‘నా ప్రాణం పోయాకే అది గోడ దిగాలి’ అంటోంది,” అన్నాడు ఆనంద్ పాల్ గొంతు తగ్గించి. నానమ్మ కనకమ్మ వంటింట్లో బొమ్మిడాయిల పులుసు మీదుంది. వింటే కొంప మునిగినట్టే.

గోడ మీంచి పిల్లిగద్ద ఇద్దర్నీ గుడ్లురిమి చూస్తోంది. దొరల కాలం నాటి బొమ్మ. రాగిరేకు మీద గీతగీతా చెక్కి, కాగితం మీద అచ్చు తీసి, ఆపైన ఎవరో చేత్తో రంగులద్దారు. బూడిదరంగు ఒళ్ళు, రెక్కల చివర నలుపు, పసుప్పచ్చ కన్ను. మిషన్ బంగళా ఖాళీ చేసినప్పుడు తాతకి దక్కింది. ఆకివీడులో చేపల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్ నడిపే ఆనంద్‌కి అదంటే పిచ్చి.

క్వయిర్ ప్రాక్టీసుకని ఏలూరు నుంచి మొదటిసారి వచ్చినప్పుడు, మంచినీళ్ళకని లోపలికొచ్చి ఆ బొమ్మ ముందు నిలబడిపోయింది జాయ్సీ. ఇక ఆనంద్ ఊరుకుంటాడా?

“ఇది మగదండీ! ఆడది చూస్తే వేరే పక్షనుకుంటారు. ఒళ్ళంతా గోధుమరంగు, తోక మీద చారలు. రెండూ జంటగా వేసుంటారు. ఆ రెండోది ఏ ఇంట్లో ఉందో!”

“అయ్యో, మా ఇంట్లోనేనండీ! హాల్లో గడియారం కింద. గోధుమరంగు, తోక మీద చారలు, అచ్చం అదే! మీది ఇచ్చెయ్యండి, జంట కలిపేద్దాం.”

ఇచ్చేస్తే ఏలూరు పిల్ల మళ్ళీ ఆకివీడు ఎందుకొస్తుంది? అందుకే నానమ్మని అడ్డం పెట్టాడు. జాయ్సీ పట్టు వదల్లేదు. ప్రతి ఆదివారం ఆరాధన అవగానే కైకలూరు మీదుగా బస్సెక్కి వచ్చేస్తోంది.

“పోనీ, మీదాని ఫొటో చూపించండి,” అన్నాడు ఆనంద్ ఇవాళ.

“అద్దం మీద వెలుతురు పడి సరిగ్గా రావట్లేదండీ.”

“నేనే వచ్చి చూడనా?”

“మగదాన్ని వెంటబెట్టుకునొస్తేనే రండి!” నవ్వేసి వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, గరిటెతో సహా బయటికొచ్చింది కనకమ్మ.

“ఒరే, నేనెప్పుడు కాదన్నాన్రా? రేపు ప్రభువు అడిగితే నీ అబద్ధానికి నేను జవాబు చెప్పాలా?”

“ఇచ్చేస్తే ఇంక రాదు నానమ్మా.”

“రాకపోతే పోనీ. అబద్ధంతో కట్టేసిన పిల్ల ఎన్నాళ్ళుంటుంది? పైగా జంటని విడదీసి కూర్చున్నావు. తీసుకెళ్ళి ఇచ్చిరా.”

మర్నాడే బొమ్మని తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఏలూరు బస్సెక్కాడు ఆనంద్.

తలుపు తీసిన జాయ్సీ మొహం పాలిపోయింది.

“మీరా! చెప్పకుండా వచ్చేశారేంటండీ?”

“మా నానమ్మ ఎప్పుడూ కాదనలేదండీ. మీరు రావడం మానేస్తారని నేనే అబద్ధమాడాను. తీసుకోండి. ఇంక మీకు అంతదూరం వచ్చే శ్రమ లేదు.”

ఆమె చెయ్యి చాపలేదు. గుమ్మానికి అడ్డం కూడా తప్పుకోలేదు.

“ఒక్కసారి రెండిట్నీ పక్కపక్కన చూసి వెళ్ళిపోతానండీ.”

జాయ్సీ తలొంచుకుంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ మెల్లగా పక్కకి జరిగింది. ఆనంద్ హాల్లో అడుగుపెట్టి తలెత్తాడు.

గడియారం కింద గోడకి మేకు కొట్టిన గుర్తు కూడా లేదు.