రేడియో మేస్త్రి

"తలుపు కొట్టి లాభం లేదమ్మా," అంది మేస్త్రి భార్య. "నేను కొడితేనే తీయట్లేదు."

కండెలక్క ఎత్తిన చెయ్యి దించింది. మిల్లులో ఉన్నన్నాళ్ళూ మగ్గాలకు నూలు కండెలు చుట్టింది. మిల్లు పోయినా పేరు పోలేదు.

"ఆస్పత్రి నుంచి వచ్చింది మొదలు ఇదే వరసా వదినా?"

"ఇదే వరస. ఇంత ఎండలోనూ మెడకు మఫ్లర్. ఎవరొచ్చినా గదిలో దూరి గడియ పెట్టేసుకుంటాడు. ఆదివారాలు మీరంతా కలిసే టీ కొట్టు వైపు కన్నెత్తి కూడా చూడట్లేదు."

"ఇవాళ బయటికి లాగకపోతే మా అందరి కొంపా మునుగుతుంది."

ఆ మాట ఊరికే అనలేదు. మిల్లుకు తాళం పడ్డాక నేతవాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు కాలేదు. ఆదివారం టీలతో మొదలై, తలా కొంత వేసుకుని, పాత మగ్గాలు కొని, ఓ అద్దె షెడ్డులో దించేదాకా వచ్చారు. ఆ సాయంత్రమే బట్టల వ్యాపారి వస్తున్నాడు. మగ్గాలన్నీ ఒకేసారి తిరగడం కళ్ళారా చూస్తేనే ఆర్డరు. లేదంటే షెడ్డు ఖాళీ చేసి ఎవరి దారి వాళ్ళు చూసుకోవడమే. ఆ మొండి మగ్గాల మెడలు వంచగలిగినవాడు ఒక్కడే. ఈ మేస్త్రే. మాట మొదలెడితే ఆపడం చేతకాదని మిల్లంతా అతనికి రేడియో అని పేరు పెట్టింది.

కండెలక్క ఇంటి పక్కగా నడిచి, రోడ్డుకు కనిపించే గది కిటికీ దగ్గరికి వెళ్ళింది. అద్దం తలుపులు బిగించి ఉన్నాయి. లోపల రేడియో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఉంగరంతో అద్దం మీద టకటకలాడించింది. అతను తల తిప్పాడు.

"తలుపు తియ్యన్నా."

"తియ్యను. వెళ్ళు."

"వెళ్ళడానికైతే రావడమెందుకు? షెడ్డుకు పద."

"పాడైపోయిన రేడియో మీకెందుకు చెల్లీ? పాత ఇనుము కింద తూకానికి వేసుకోండి."

"వేస్తే నీ పొట్ట ఒక్కటే సగం తూగుతుంది."

మీసం కదిలిందిగానీ నవ్వు రాలేదు. పక్కింటి వసారాలో ఒకావిడ పసిపాపను భుజాన వేసుకుని జోకొడుతోంది. పాపకు అప్పుడే కన్నంటుకుంది.

"నా వల్ల కాదు చెల్లీ. నలుగురూ జాలిగా చూస్తారు."

"జాలా? నీ మీదా? నువ్వు పెట్టిన చివాట్లు ఇంకా ఎవరికీ అరగలేదు!"

కండెలక్కను తీసుకొచ్చి రోడ్డవతల వ్యాను పక్కన నిలబడ్డ మిల్లు ఫిట్టర్ ఇక ఉండబట్టలేకపోయాడు. మధ్యలో లారీలు పోతూనే ఉన్నాయి.

"బతిమాలకక్కా! ఆయన రాకపోతే నేనే మేస్త్రిని. షటిల్ పట్టీలన్నీ లాగి బిగించి పారేశా."

రేడియో ఒక్క ఉదుటున లేచి కిటికీ దగ్గరికొచ్చాడు. "ఏం చేశావ్?"

"బిగించా. ఇక చూస్కో, మగ్గాలు ఎలా తిరుగుతాయో!"

"నీ మొహం తిరుగుతాయి! పట్టీ అంత బిగిస్తే షటిల్ ఎగిరొచ్చి వ్యాపారి ముక్కు మీద వాలుతుంది. ఎవడ్రా నీకు పని నేర్పింది?"

"నువ్వే!"

"నేను నేర్పితే ఇలా తగలడతావా?"

అంతే, మొదలైంది. ఫిట్టర్ బుర్ర దగ్గర ఎత్తుకున్నవాడు ఫిట్టర్ అత్తవారి తరఫు చుట్టాలదాకా ఎవరినీ వదల్లేదు. కండెలక్క రెప్ప వాల్చకుండా చూస్తూ నిలబడింది. వెనకే వచ్చిన మేస్త్రి భార్య ఆమె భుజం పట్టుకుంది.

"ఏమైనా అంటున్నాడా?"

"తిడుతున్నాడు వదినా. కడుపునిండా తిడుతున్నాడు."

ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు.

గడియ తీసిన చప్పుడైంది. పాత ఖాకీ చొక్కా తొడుక్కుంటూ రేడియో గుమ్మం దాటాడు. ఆ చప్పుడుకు పక్కింటి పాప ఉలిక్కిపడి నిద్ర లేచింది.

షెడ్డులో ప్రతి మగ్గం పట్టీనీ వేలితో నొక్కి చూశాడు. ఒక్కటీ బిగించి లేదు. ఫిట్టర్ వైపు తిరిగాడు. ఫిట్టర్ పైకప్పు రేకులు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు. రేడియో వాడి నెత్తి మీద ఒక్కటి మొట్టి, స్పానర్ అందుకున్నాడు.

వ్యాపారి వచ్చాడు. స్విచ్చి పడింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఎత్తుకునేసరికి నేల అదిరింది. వ్యాపారి చెవుల్లో వేళ్ళు దూర్చుకున్నాడు.

"మూడో మగ్గం! పోగు తెగింది, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నాడు రేడియో ఈ మూల నుంచి. ఆ మూల నేతగాడు నాలిక కరుచుకుని పోగు ముడేశాడు.

"ఫిట్టరూ, ఆ ఇకిలింపు ఆపి నూనె పొయ్యరా!"

ఒక్క మగ్గం ఆగలేదు. బట్ట మడతలు మడతలుగా దిగుతూనే ఉంది.

వ్యాపారి బయటికొచ్చి కండెలక్క ముందు ఆగి చెవులు దులుపుకున్నాడు. "ఆర్డరు మీదేనమ్మా. ఒక్కటి చెప్పు, అంత హోరులో మీకు ఒకరి మాట ఒకరికి ఎలా వినిపిస్తుంది?"

"వినిపించదు సార్. మిల్లులో పెరిగినవాళ్ళం, పెదాలూ వేళ్ళూ చూసి మాట్లాడుకుంటాం."

వాళ్ళతోపాటే వచ్చిన మేస్త్రి భార్య షెడ్డు తలుపు దగ్గరే నిలబడి లోపల మొగుడి పెదాలకేసి చూస్తోంది.

"ఆ మాటలు నాకూ నేర్పవా?" అంది.

"ముందు తిట్లతో మొదలెట్టాలి వదినా."

"అవే కావాలి."

డాక్టర్లు స్వరపేటిక తీసేశాక రేడియో మాట్లాడటం ఇవాళే మొదలు.