మూడో భాగం

“ఇది కుట్టా, కోడి కెలికిందా?”

కెజియా ఆ పట్టు అంచును కొత్తగా చేరినావిడ ఒళ్ళో పడేసింది.

లండన్‌లోని ఆ కుట్టుగదికి కెజియా పెద్ద. ఆమె నోటికి జడవని పిల్ల లేదు. కొత్తావిడ పేరు మిసెస్ లార్క్. నలభై ఏళ్ళుంటాయి. పనిలో చేరి వారమైనా తిన్నగా నాలుగు కుట్లు పడలేదు.

“అక్కా, ఆవిణ్ణి చదవనివ్వు. ఆవిడ వంతు మేం కుడతాం,” అంది కుట్టుపిల్లల్లో ఒకతె, డోర్కస్.

ఒకరు నవల చదువుతుంటే వాళ్ళ పని మిగిలినవాళ్ళు పంచుకోవడం కుట్టుగదుల్లో మామూలే.

ఆ ఏడు ఊరంతా ఒకటే నవల, మూడు భాగాలది. లెట్టీ అనే కుట్టుపని పిల్ల, దాన్ని నమ్మించి వదిలేసిన ప్రభువుగారి కొడుకు. రాసిందెవరో తెలీదు. మొదటి పేజీలో ‘ఒక స్త్రీ’ అని మాత్రం ఉంది.

మిసెస్ లార్క్ చదువుతుంటే లెట్టీ వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉండేది. శుక్రవారానికి రెండు భాగాలూ అయిపోయాయి. మర్నాటికి పెళ్ళిగౌను ఇచ్చెయ్యాలి.

“మూడో భాగం మన దగ్గర లేదే! లెట్టీ ఏమైపోతుందో!” పిల్లలు గోల పెట్టారు.

“నాకు తెలుసు. చెప్పనా?” అంది మిసెస్ లార్క్.

చెప్పింది. లెట్టీకి దగ్గు పట్టుకుంది. అటకమీది గదిలో, ఒంటరిగా, అతన్ని క్షమించి చచ్చిపోయింది.

డోర్కస్ వెక్కివెక్కి ఏడ్చింది. రెండు కన్నీటి చుక్కలు తెల్లటి పెళ్ళిపట్టు మీద పడ్డాయి.

కెజియా ఒక్క ఉదుటున లేచింది. “గౌనుకు మరక పడింది! అసలా లెట్టీ ఎందుకు చావాలి?”

“పరువు పోయిన పిల్ల బతికితే చదివేవాళ్ళు ఒప్పుకోరమ్మా,” అంది మిసెస్ లార్క్.

“ఎవరా ఒప్పుకోనిది? నాకు పద్దెనిమిదో ఏట పోయింది పరువు. నేను చచ్చానా?”

సూదులన్నీ ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో కెజియా ఆ మాట ఎవరితోనూ అనలేదు. అన్నాక తల దించుకోనూ లేదు.

“మరి ఆ మర్నాడు ఏం చేశారు?” మెల్లిగా అడిగింది మిసెస్ లార్క్.

“ఏం చేస్తాను? సూదిలో దారం ఎక్కించాను. ముప్ఫైమందికి పని నేర్పాను. ‘ఒక స్త్రీ’ట! ఎవడో మగాడే రాసుంటాడు. ఆడదైతే దాన్ని చంపదు. ఇంక లే. రేపట్నుంచి రాకు.”

మిసెస్ లార్క్ లేచింది. గుమ్మం దగ్గర ఆగి, రాణిగారి ముందు వంగినట్టు కెజియా ముందు మోకాలు వంచి, వెళ్ళిపోయింది.

మరక మీద పట్టు గులాబీ కుట్టి గౌను పంపించారు.

సోమవారం కెజియా ఆ నవల అచ్చువేయించి అమ్మే పుస్తకాల కొట్టుకు వెళ్ళింది. లెట్టీ నిజంగానే చచ్చిందో లేదో తన కళ్ళతో చదివితే తప్ప మనసు ఊరుకునేలా లేదు.

“మూడో భాగం కావాలి.”

“అదింకా అచ్చే కాలేదు కదమ్మా! శనివారం అచ్చుకు పంపబోతుంటే, రాసినావిడే పరిగెత్తుకొచ్చి ఆఖరి కాగితాలు చించేసింది. లెట్టీ చావదట.”

కెజియా బల్ల మీదికి వంగింది.

“ఆవిడ... ఎలా ఉంటుంది?”

కొట్టువాడు నవ్వాడు. “వేళ్ళనిండా సూదిపోట్లు. ‘చావని మనిషిని కళ్ళారా చూసొచ్చాను’ అంటూ ఈ బల్ల దగ్గరే కూర్చుని కొత్త ముగింపు రాసిచ్చి పోయింది.”