ముందు నడిచిన మనిషి

"మడమలు కిందెట్టవే!"

నీలవేణి అరుపుకి రైల్వే కాలనీలో రెండు వీధులు ఉలిక్కిపడ్డాయి.

ఆమె కూతురు, ఎనిమిదేళ్ల హరిప్రియ, చేతులు గుండెకి ముడుచుకుని మునివేళ్ల మీదే నిలబడింది.

కాళ్లలో లోపమేం లేదు, ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరి నడక ఇంతే, తిట్టకండి అని డాక్టరు చెప్పాడు. ఎవరు విన్నారు? బరువుకి మడమలు దిగుతాయని నాయనమ్మ అప్పయమ్మ లావుపాటి వెండి కడియాలు తొడిగింది. అంత బరువూ మోస్తూ పిల్ల వేళ్ల మీదే నడిచింది.

బడి దారిలో పిల్లల మూక వెనకాల అలాగే నడుస్తూ "ముర్గీ ఆయీ!" అని ఒకటే గోల. కోడి వచ్చిందట!

హరిప్రియ బడి మానేసింది. ఇక గడపే దాటదేమోనని నీలవేణి బెంగ.

ఆ పొద్దున రెస్ట్‌హౌస్ వైపు నుంచి ఎవరో పొడుగాటి మనిషి వచ్చాడు. అతనూ మునివేళ్ల మీదే. చేతులూ అలాగే.

మూక అతని వెంట పడింది. "ముర్గా ఆయా!"

అతను వెనక్కి తిరిగి "కుక్డూ కూ!" అని కూసి, పకపకా నవ్వాడు.

హరిప్రియ చూసింది. గేటు తీసుకుని అతని వెనకే నడిచింది. బడి దాకా!

"పిచ్చోడి ఎనకాల పిల్లనంపుతావేటే?" అంది అప్పయమ్మ.

"పిచ్చోడేటత్తా? మన పిల్లలాంటోడే. అంత మనిషయ్యాడు, నవ్వుతున్నాడు. బతకట్లేదేటి?"

ఆ సాయంత్రమే నీలవేణి కడియాలు ఊడదీసింది.

రోజూ అతను ముందు, పిల్ల వెనక. కొన్నాళ్లకి మూకకే విసుగొచ్చింది. హరిప్రియ ఒక్కతే బడికి వెళ్లొస్తోంది, తన నడకతోనే.

నీలవేణి సేమ్యా పాయసం గిన్నె పట్టుకుని రెస్ట్‌హౌస్‌కి వెళ్లింది. గదికి తాళం.

"పొద్దున్న బండికే ఎల్లిపోనాడమ్మా," అన్నాడు అక్కడి కేర్‌టేకర్ గిరిబాబు.

"అయ్యో! పేరైనా అడగలేదు. దండం పెడదామనొచ్చాను. ఆ నడకతో సామాను మోసుకుని రైలెలాగెక్కాడో పాపం!"

గిరిబాబు తెల్లబోయాడు.

"ఏ నడకమ్మా? మన కుర్రోళ్లకి పరుగు పందేలు నేర్పడానికొచ్చిన కోచ్ కదా ఆయన, మనలాగే చక్కగా నడుస్తాడు. కాకపోతే ఈమధ్య ఏటో పిక్కలు పట్టేస్తన్నాయని రోజూ నాచేత నూనె తెప్పించుకునేవోడు."