ఆరు చొక్కాల పరీక్ష

మూడో కవరు ముడి విప్పి ముక్కు దగ్గర పెట్టుకోగానే సంధ్యారాణి మొహం చిట్లించింది.

“రెండు.”

వాళ్ళమ్మ రాజ్యం నోటుబుక్కులో మార్కు వేసింది. “పదికి రెండేనేటే? మరీ అంత కంపు కొడతందా?”

“మాటాడకమ్మా. నీ మొకం సూస్తే ఎవరిదో తెలిసిపోద్ది. అటు తిరుగు.”

ఇది బావదే అయ్యుంటుందని సంధ్యకి లోలోపల ధైర్యం వచ్చింది. ధైర్యం అవసరమే మరి, పెళ్ళే పందెంలో ఉంది. చోడవరం జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే పిల్లని వడ్డాదిలో ఉన్న మేనమామ కొడుకు ఉమామహేష్‌కి ఇవ్వాలని ఇంట్లో పట్టు. రక్తం దగ్గరైతే రోగాల్ని అడ్డుకునే జన్యువులూ దగ్గరగానే ఉంటాయనీ, అలాంటి మగాడి ఒంటి వాసన ఆడవాళ్ళకి అంతగా నచ్చదని పరిశోధనలున్నాయనీ సంధ్య వాదించింది. అన్ని పరిశోధనలూ ఆ మాట ఒప్పుకోలేదన్న సంగతి మాత్రం తెలివిగా మింగేసింది.

తండ్రి సత్యారావు మీసం దువ్వుకుంటూ, “అయితే వాసనే సూడవే గుంటా. ఆరుగురి చొక్కాలు పెట్టు. మీ బావది ఫస్టొస్తే నోర్మూసుకుని తాళి కట్టించుకో. రాకపోతే ఈ సంబంధం ఊసెత్తను” అన్నాడు.

గుడ్డిగా మార్కులేసినా బావకి ఫస్టొచ్చే అవకాశం ఆరింట ఒకటే. సంధ్య వెంటనే ఒప్పేసుకుంది. ఆరు పేర్లూ తనే రాసిచ్చింది. అందులో ఒకటి తన కాలేజీలోనే ఫిజిక్స్ చెప్పే ఉదయ్‌కుమార్‌ది. రెండేళ్ళుగా మనసులో ఉన్నవాడు. పరీక్ష చెల్లదేమోనని అతనికి కూడా చెప్పలేదు. సబ్బూ సెంటూ లేకుండా రెండు రాత్రులు అదే చొక్కాతో పడుకోవాలి, ఎవరిది ఏ కవరో రాజ్యానికి తప్ప తెలియకూడదు. అవీ రూల్సు. రెండు రోజుల పనిని రాజ్యం పన్నెండు రోజులు సాగదీసింది. అడిగితే, “తల పేనం తోకకొస్తంది, ఆగవే” అని కసిరింది.

నాలుగోదానికి ఐదు. ఐదోదానికి నాలుగు. సంధ్య ఆరో కవరు విప్పింది.

చొక్కా మొహానికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఎండలో నడిచొచ్చి పక్కన నిలబడ్డ మనిషి వాసన. అటెండెన్సు రిజిస్టరు అందుకోడానికి ఉదయ్ ఇలాగే పక్కకి వస్తాడు. సందేహమే లేదు, అతనే. కానీ ముక్కు మోసం చేస్తే? ఒకవేళ ఇదే బావదైతే?

“తొమ్మిది,” అంది.

రాజ్యం మార్కు వేసింది గానీ తలెత్తలేదు.

“అమ్మా, ఆరోది ఎవరిది?”

“మీ నాన్నని రానీ.”

“నాన్న రాకముందే సెప్పు. బావది కాదు కదా?”

రాజ్యం చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

“తిట్టవు కదా?”

“అమ్మా, నా పేనం తియ్యకు. సెప్పు.”

“పరాయి మొగోళ్ళ గుమ్మమెక్కి, మీ మాసిన చొక్కా ఇప్పియ్యండని ఏ మొకం పెట్టుకుని అడగనే?” రాజ్యం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఆరూ మీ బావవే.”